సుత్తి పట్టుకుని పడవ చూడటం

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు సముద్రయానాల్లో ఆరితేరిన మనిషి అన్నారు. చిన్న సవరణ. సముద్రం మీద గడిపిన రోజులు నాకు ఉన్నాయి, కాదనను. కానీ ఒడ్డున ఇనుప ఊతల మీద నిలబెట్టిన పడవ కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో రంగు పొడి రాలుతుండగా గడిపిన రోజులు అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఈ సాయంత్రం అలల గురించి, డాల్ఫిన్ల గురించి చెప్పను. చేతిలో ఉన్న ఈ సుత్తి గురించి చెబుతాను. ప్రసంగంలో సుత్తి తప్పదని ముందే ఒప్పుకుంటున్నాను, మీరు ఏ అర్థంలో తీసుకున్నా సరే. (నవ్వులు)

చాలా తేలికైన సుత్తి ఇది. తల గట్టి ప్లాస్టిక్‌తో చేసినది. పాత తెరచాప పడవ కొనబోయేవారి దగ్గర ఉండవలసిన పరికరాల్లో ఇంతకన్నా చవకైనదీ, ఇంతకన్నా విలువైనదీ మరొకటి నాకు తెలియదు. ఈ బల్ల మీద గుడ్డ కప్పి రెండు ముక్కలు పెట్టాను. వాటి సంగతి చివర్లో.

నేను పాత పడవలు రెండు కొన్నాను. మొదటిది 41 అడుగుల కెచ్, అంటే రెండు మాస్టులు (తెరచాప స్తంభాలు) ఉన్న పడవ. చెక్కుడు పని చేసిన టేకు తలుపులు, ఇత్తడి దీపాలు, వెనుక భాగంలో విశాలమైన పడకగది. చూసిన పావుగంటలో మనసు పారేసుకున్నాను. మూడేళ్లు దానికి సేవ చేశాను. ఆ మూడేళ్లలో అది చేసిన ప్రయాణమల్లా పడవలు బాగుచేసే యార్డులో ఈ మూల నుంచి ఆ మూలకు, అదీ క్రేను మీద. చివరికి అమ్మేశాను. రెండోది 33 అడుగులది, 1970లలో తయారైంది. అందచందాలు లేవు. లోపలి గోడలు పాత ఆసుపత్రి వరండా రంగు. కొన్న ఎనిమిదో నెలలో దానిలో బయలుదేరి ఆరేళ్లు తిరిగాను.

రెండూ పాతవే. రెండింటి మీదా నా ఒళ్లు ఒకేలా హూనమైంది. తేడా ఎక్కడంటే, మొదటిది కొనేటప్పుడు ఇది ఎంత మంచి పడవ అని చూశాను. రెండోది కొనేటప్పుడు ఈ పడవకూ బయలుదేరే రోజుకూ మధ్య ఎంత పని దాగి ఉందో చూశాను. దాగి ఉంది అన్న మాట కావాలనే అంటున్నాను. కంటికి కనబడే పని ఎప్పుడూ చిన్నదే.

ముందు వయసు భయం తీసేద్దాం. నలభై ఏళ్ల పడవ అనగానే ఇంట్లోవాళ్లు నలభై ఏళ్ల కారును ఊహించుకుంటారు. ఆ పోలిక తప్పు. కారు ఒళ్లు ఇనుము, దాన్ని తుప్పు తింటుంది. నేను చెప్పే పడవల ఒళ్లు ఫైబర్‌గ్లాస్, దానికి తుప్పు లేదు. 1959లో న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ కంపెనీ ట్రైటన్ అనే 28 అడుగుల పడవను ప్రదర్శనకు పెట్టింది. గీసినవాడు కార్ల్ ఆల్‌బర్గ్. మామూలు కుటుంబాలు కొనుక్కోగలిగిన ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల కాలం ఊపందుకున్నది దాదాపు అక్కడి నుంచే. గాజునార బట్టను రెసిన్ అనే జిగురుతో తడిపి, పొర మీద పొర చేత్తో పరిచేవారు. కొత్త పదార్థం మీద ఇంకా గురి కుదరలేదు కాబట్టి, అనుమానం ఉన్నచోట ఇంకో పొర వేసేవారు. ఆ పడవల్లో కొన్ని ఈనాటికీ తిరుగుతూనే ఉన్నాయి.

గోల్డెన్ గ్లోబ్ పందెం పేరు వినే ఉంటారు. 1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 32 అడుగుల సుహైలిలో, ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా, 312 రోజుల్లో భూమిని చుట్టి వచ్చిన పందెం. ఆ సుహైలి బొంబాయిలో కట్టిన టేకు పడవ. ఆ పందేన్ని 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నిర్వాహకులు పెట్టిన నిబంధన ఏమిటో తెలుసా? పడవ 32 నుంచి 36 అడుగుల లోపు ఉండాలి, దాని డిజైను 1988కి ముందుదై ఉండాలి. 2022లో బయలుదేరిన 16 మందిలో పందెం నియమాల ప్రకారం పూర్తి చేసినవారు ముగ్గురే. 2023 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నాయ్‌షెఫర్ మొదట వచ్చింది. రెండు రోజుల తేడాతో మన అభిలాష్ టోమీ, రస్లర్ 36 అనే పాతకాలపు డిజైను పడవలో. ప్రపంచంలో అత్యంత కఠినమైన సముద్రాల మీదికి పాత డిజైన్లను ఏరికోరి పంపుతున్నారంటే, మన భయం ఉండవలసిన చోట లేదన్నమాట.

ఇంకో సంగతి. 1979 ఆగస్టులో, ఇంగ్లండ్ నుంచి బయలుదేరే ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల పందెం మీద పెనుతుపాను విరుచుకుపడింది. 303 పడవలు బయలుదేరాయి, 15 మంది పోటీదారులు చనిపోయారు. 24 పడవలను మనుషులు వదిలేశారు. వాటిలో మునిగినవి ఐదు. మిగతా 19 ఖాళీగా, తలుపులు తెరుచుకుని, తేలుతూ దొరికాయి. ఆ లెక్క చదివినప్పటి నుంచి నాకు హల్ గురించి, అంటే పడవ గుల్ల గురించి, పెద్దగా దిగులు లేదు. గుల్లకు మనుషులు పెట్టిన కంతల గురించే దిగులు.

పాత పడవను కంతల వెంట చూడాలి. ఒక వస్తువు ఇంకో వస్తువు గుండా దూరి వెళ్లే చోటల్లా ఆగాలి. డెక్ గుండా, అంటే పడవ పైతలం గుండా, బోల్టు దూరే చోటు, డెక్ గుండా ఉక్కు పట్టీ దూరే చోటు, గుల్ల గుండా గొట్టం, కడ్డీ దూరే చోట్లు. నీళ్లకు తొందర లేదు, నలభై ఏళ్లు ఓపిక పట్టగలవు.

డెక్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే నా మూడేళ్లు అక్కడే పోయాయి. చాలా పడవల డెక్ ఒకే దిమ్మలాంటి పలక కాదు. పైన ఫైబర్‌గ్లాస్ పొర, కింద మరో పొర, రెంటి నడుమ బాల్సా అనే తేలిక చెక్క ముక్కలు. అలా చేస్తే బరువు పెరగకుండా బిగువు వస్తుంది. తెలివైన పద్ధతే. అయితే పడవ కట్టినవాళ్లు ఆ డెక్ మీద తాళ్లు లాగి బిగించే వించీలు, తాళ్లు కట్టే కొక్కేలు, చుట్టూ కమ్మీల కాళ్లు బిగించడానికి దానికి పదుల కొద్దీ కంతలు పెడతారు. ప్రతి కంతలోనూ నీళ్లు దిగకుండా సీలెంట్ నింపుతారు. ఆ సీలెంట్ పదిహేను, ఇరవై ఏళ్లకు ఎండి పగులుతుంది. పడవ వయసు నలభై. మరి మిగిలిన ఇరవై ఏళ్ల వాన నీళ్లు ఎక్కడికి పోయినట్టు?

ఎక్కడికీ పోలేదు, బాల్సాలోనే ఉన్నాయి. సుత్తి ఇక్కడ పనికొస్తుంది. డెక్ మీద మోకాళ్ల మీద కూర్చుని, జానెడు జానెడు దూరంలో మెల్లగా తట్టుకుంటూ పోవాలి. మంచి చోట టక్ టక్ అని ఖంగుమంటుంది. నీరు పట్టి లోపలి చెక్క విడిపోయిన చోట దబ్ దబ్ అని మూగబోతుంది. మొదట తేడా తెలియదు. అరగంట తట్టాక చెవి దానంతటదే తయారవుతుంది. మూగబోయిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. కమ్మీ కాలి చుట్టూ అరచేయంత వలయం వస్తే, అది వారాంతాల్లో అయ్యే పని. గీతలు ఒకదానితో ఒకటి కలిసి, పటంలో దేశాల్లాగా డెక్ అంతా పరుచుకుంటే, సుద్దముక్క జేబులో పెట్టుకుని, ఆ యజమానికి నమస్కారం చెప్పి వచ్చేయండి.

నా కెచ్‌కు టేకు డెక్ ఉండేది. ఫొటోల్లో చూడముచ్చటగా ఉంటుంది. ఆ టేకు బద్దల్ని కింది ఫైబర్‌గ్లాస్‌కు స్క్రూలతో బిగించారు. పీకేటప్పుడు స్క్రూలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, పద్దెనిమిది వందల దగ్గర విసుగొచ్చి మానేశాను. ఒక్కొక్క స్క్రూ ఒక్కొక్క కంత. ఎడమవైపు ఒక కమ్మీ కాలు విప్పి బోల్టు లాగినప్పుడు, దాని వెంట గోధుమరంగు నీళ్లు సన్నటి ధారగా వచ్చాయి. ఆ ధార ఆగడానికి ఎంతసేపు పట్టిందో చెబితే నమ్మరు. నేను లోపలికి వెళ్లి, సామాను సర్ది, తిరిగి వచ్చేసరికి ఇంకా కారుతోంది. వేలు పెట్టి చూస్తే బాల్సా నానిన అట్టముక్కలా వేలికి అంటుకుని ఊడి వచ్చింది. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు అన్నది ఈ డెక్‌ను చూసే అయి ఉంటుంది. తడిసి మోపెడైంది అన్న మాటకు అక్షరాలా అర్థం ఆ రోజు తెలిసింది.

రెండో చోటు చైన్‌ప్లేట్లు. మాస్టును అటూ ఇటూ పడకుండా ఉక్కు తీగలు పట్టి ఉంచుతాయి కదా. ఆ తీగల కింది కొసలు ఉక్కు పట్టీలకు కడతారు. ఆ పట్టీలు డెక్ గుండా కిందికి దూరి, లోపలి గోడకో గుల్లకో బిగించి ఉంటాయి. తుపానులో మాస్టు మీద పడే బలమంతా చివరికి వీటి మీదికే వస్తుంది. అవి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదు అనుకుంటాం. దానిలోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పలుచని రక్షక పొర ఏర్పరచుకుంటుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. అది కట్టుకోవాలంటే ఆక్సిజన్ తగలాలి. డెక్ మందంలో, తడి చెక్క మధ్య, ఉప్పునీళ్లు కదలకుండా నిలిచిన సందులో ఆక్సిజన్ ఎక్కడిది? అక్కడ పొర పోతుంది, లోహం లోపలికి కొరుక్కుపోతుంది. దీన్ని సందు తుప్పు అనుకోండి. పైకి కనిపించే భాగం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. కిందికి కనిపించే భాగమూ బాగానే ఉంటుంది. నడుమ రెండంగుళాలే పోతాయి.

రెండో పడవ కొన్నాక మొట్టమొదట చైన్‌ప్లేట్లు విప్పాను. ఎనిమిదింటిలో ఏడు పరవాలేదు. ఎనిమిదోదాన్ని వైసులో బిగించి, రెంచితో కొంచెం వంచి చూద్దామనుకున్నాను. వంగలేదు, విరిగింది. విరిగిన చోట చూస్తే మూడొంతుల వెడల్పు నల్లగా ఉంది, అంటే ఎప్పటి నుంచో పగిలి ఉంది. మిగిలిన పావు వంతు కొత్తగా విరిగి తళతళలాడుతోంది. అంతకుముందు వారం పరీక్ష ప్రయాణంలో మా మాస్టును నిలబెట్టింది ఆ పావు వంతు లోహం. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉంది.

తీగల విషయం ఇంత రహస్యం కాదు. ఎక్కువ పడవల్లో 19 పోగులు పేనిన తీగ ఉంటుంది. కింది కొసన, ఫిట్టింగులోకి దూరే చోట, ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకుని ఉన్నా ఆ తీగ పని అయిపోయినట్టే. మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ పోతే గుడ్డ చిక్కుకుంటుంది. చేత్తో మాత్రం చేయకండి, నా బొటనవేలి మీద మచ్చ ఉంది. సాధారణంగా పది, పదిహేను ఏళ్లకోసారి తీగలన్నీ మార్చాలంటారు, చాలా బీమా కంపెనీలూ అదే పట్టుబడతాయి. ఎప్పుడు మార్చారు అని అడిగితే యజమాని "నేను కొన్నప్పుడు బాగానే ఉన్నాయి" అంటే, ఎప్పుడూ మార్చలేదని అర్థం.

ఇక కీల్. అడుగున ఉండే బరువు రెక్క. పాత పడవల్లో రెండు రకాలు. కొన్నింటిలో సీసం గాని ఇనుము గాని గుల్లలోనే పోసి ఫైబర్‌గ్లాస్‌తో మూసేస్తారు. అక్కడ బోల్టుల గొడవ లేదు. కొన్నింటిలో కీల్‌ను వేరుగా పోతపోసి బోల్టులతో బిగిస్తారు. ఇది చెడ్డ పద్ధతి కాదు, కానీ ఆ అతుకు చరిత్ర తెలియాలి. 2014 మేలో చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవ అట్లాంటిక్‌లో కీల్ ఊడి తిరగబడింది, నలుగురూ పోయారు. ఆ పడవ వయసు ఎనిమిదేళ్లే. అంతకుముందు అది నేలకు తగిలిన సందర్భాలు, వాటి తర్వాత చేసిన మరమ్మతులు అతుకును బలహీనపరిచి ఉండవచ్చని దర్యాప్తు నివేదిక చెప్పింది. కాబట్టి వయసు అడగడం కన్నా "ఎప్పుడైనా నేలకు కొట్టుకుందా?" అని అడగడం ముఖ్యం. లేదు అనే జవాబు వస్తుంది. అప్పుడు పడవను నీళ్లలోంచి పైకి ఎత్తించి కీల్ ముందు అంచు చూడండి, కీల్ వెనుక కొస గుల్లను తాకే చోట పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ముందువైపు రాయికి కొట్టుకుంటే దెబ్బ వెనుక కొసన పైకి నొక్కుతుంది. లోపల ఆ చోట పక్కటెముకల్లాంటి దూలాలు గుల్ల నుంచి విడివడ్డాయేమో నేల పలకలు తీసి చూడండి. పలకలు ఎందుకు తీస్తున్నారని యజమాని అడ్డుపడితే, మీరు చూడవలసింది అక్కడే ఉంది.

చుక్కాని కూడా అంతే. బయట రెక్క, లోపల నురుగు, నడుమ ఉక్కు కడ్డీ, దానికి అతికిన ఉక్కు పట్టీలు. నీళ్లు దూరాయంటే మళ్లీ అదే సందు తుప్పు. పడవ పైకి ఎత్తిన రోజున చుక్కాని కింది అంచు గమనించండి. బయటికి తీసిన మర్నాడు కూడా చుక్కలు కారుతుంటే అది సముద్రపు నీరు కాదు, దాని కడుపులోది.

గుల్లకు ఉన్న కంతల్లో కవాటాలు ఉంటాయి, మరుగుదొడ్డికి, ఇంజిను చల్లార్చే నీటికి, సింకుకు. ప్రతిదాన్నీ తెరిచి మూసి చూడండి. కదలని కవాటం కవాటం కాదు. అవి కంచువైతే మంచిది. ఇత్తడివైతే ఉప్పునీళ్లలో జింకు కరిగిపోయి, గోకినప్పుడు గులాబీరంగు తేలుతుంది. అలాంటిది గట్టిగా తంతే విరుగుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు, మార్చేయండి. ఒక్కొక్కదాని పక్కన సరిపోయే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి.

ఆస్మోసిస్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. నీటి అడుగున గుల్ల మీద బొబ్బలు లేస్తాయి, పొడిస్తే పుల్లని వాసనతో ద్రవం వస్తుంది. చూడటానికి అమ్మవారు పోసినట్టు భయంకరంగా ఉంటుంది. కానీ బొబ్బల వల్ల మునిగిన పడవ గురించి నేను వినలేదు. నాలుగైదు బొబ్బలు ఉంటే బేరం ఆడటానికి వాడుకోండి, కొనడం మానకండి. జనం దీనికి హడలిపోయి, తడి డెక్ ఉన్న పడవ కొంటారు. నేనూ అదే చేశాను.

ఇంజిను. పడవ చూడటానికి ఫలానా వేళకు వస్తానని చెప్పి, ఒక గంట ముందు వెళ్లండి. వెళ్లగానే చేతిని ఇంజిను మీద పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో మీకోసం దాన్ని ముందే తిప్పి ఉంచారు. చల్లటి ఇంజిను మొదటి ప్రయత్నంలో ఎలా అందుకుంటుందన్నదే అసలు పరీక్ష. పొగ నల్లగా వస్తే భారం ఎక్కువైందో గాలి అందడం లేదో, నీలంగా వస్తే నూనె కాలుతోంది, తెల్లగా వచ్చి పోకుండా ఉంటే ఇంధనం సరిగా కాలడం లేదు లేదా నీళ్లు చేరుతున్నాయి. గంటల మీటరు తక్కువ చూపిస్తోందని మురిసిపోకండి. తెరచాప పడవల డీజిల్ ఇంజిన్లు అరిగి చావవు, కదలకుండా కూర్చుని చస్తాయి. ఇరవై ఏళ్లలో మూడు వందల గంటలు తిరిగినదానికన్నా, ఏటా నడుస్తూ నాలుగు వేల గంటలు తిరిగినదాన్ని నేను నమ్ముతాను.

తెరచాపలు, వైరింగు, బ్యాటరీలు గురించి ఒక్క మాట: అన్నీ పోయాయనే లెక్క వేసుకోండి, బాగుంటే అది లాభం. తెరచాపల బట్టకన్నా ముందు కుట్టు పోతుంది, గోటితో గీస్తే దారం తెగుతుంది. అమ్మకం ప్రకటనల్లో రాడార్, ఆటోపైలట్, ఇంకా ఏవేవో రెండు పేజీల జాబితా ఉంటుంది. పదేళ్లు దాటిన ఎలక్ట్రానిక్ పరికరానికి నేను వేసే విలువ సున్నా. దానికి బదులు గాలితోనే పడవను తిప్పే విండ్‌వేన్ వెనుక కట్టి ఉంటే, అది నాకు ఇంకో నావికుడితో సమానం. దానికి కరెంటు అక్కరలేదు, నిద్రా రాదు.

పరిమాణం గురించి కొంచెం ఆగాలి. 33 అడుగులకూ 41 అడుగులకూ తేడా ఎనిమిది అడుగులేనని మీరనుకుంటారు. నా 33 అడుగుల పడవ బరువు సుమారు 5 టన్నులు, కెచ్ బరువు 12 టన్నులు. పొడవు నాలుగో వంతు పెరిగితే బరువు రెట్టింపు దాటింది. లంగరు, గొలుసు, తీగలు, వించీలు, తెరచాపలు, యార్డు అద్దె అన్నీ బరువును అనుసరించి పెరుగుతాయి, పొడవును కాదు. మరి వేగం? నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే మామూలు పడవ గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు అని, వస్తుంది. 25 అడుగులకు 6.7 నాట్లు. 32 అడుగులకు 7.6. తేడా ఒక్క నాటు కూడా లేదు. కానరీ దీవుల నుంచి కరీబియన్‌కు వాణిజ్య పవనాల దారిలో సుమారు 2,700 నాటికల్ మైళ్లు. చిన్న పడవ రోజుకు 120 మైళ్లు వెళ్తే 22 రోజులు దాటుతుంది, పెద్దది 140 వెళ్తే 19. ఆ మూడు రోజుల కోసం నేను మూడేళ్లు యార్డులో గడిపాను. (నవ్వులు)

నవ్వండి. అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు సర్వే, అంటే కొనేముందు నిపుణుడు పడవను పరీక్షించడం. మీరు ఎంత సుత్తి పట్టుకుని తిరిగినా, చివరికి ఒక వృత్తి సర్వేయరు చూడాలి. ఆ సర్వేయరును మీరే వెతుక్కోవాలి, ఫీజు మీరే ఇవ్వాలి. బ్రోకరు మంచివాడే కావచ్చు, కానీ అతని కమిషను వచ్చేది పడవ అమ్ముడుపోతేనే. అతను సూచించిన సర్వేయరును పెట్టుకోవడం అంటే అవతలి పక్షం వకీలుకు మన వకాల్తా ఇవ్వడమే. సాధారణంగా పదో వంతు బయానా ఇచ్చి, సర్వే, పరీక్ష ప్రయాణం సంతృప్తికరంగా ఉంటేనే కొంటానని ఒప్పందం రాసుకుంటారు. ఆ షరతు లేకుండా సంతకం పెట్టకండి. సర్వే రోజున సెలవు పెట్టుకుని సర్వేయరు వెంట ఉండండి. రాతలో వచ్చే నివేదిక జాగ్రత్త మాటలతో నిండి ఉంటుంది. టీ విరామంలో "ఇది మీదైతే కొంటారా?" అని అడిగితే వచ్చే మౌనం ఉంటుందే, అది నివేదికలో ఉండదు.

కాగితాలు. పడవ మీద బాకీలు ఉంటే చాలా దేశాల్లో అవి పాత యజమాని వెంట పోవు, పడవ వెంట మీ దగ్గరికి వస్తాయి. యార్డు బాకీ, మరమ్మతు బాకీ, సిబ్బంది జీతం బాకీ, ఏదైనా. అందుకే అమ్మకం దస్తావేజుల వరుస మొదటి యజమాని దాకా ఉందా, పన్నులు కట్టిన రుజువు ఉందా అని చూడాలి. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన పడవల వెనుక పలక మీద కుడివైపు 12 గుర్తుల సంఖ్య ఉంటుంది, కాగితాల్లో ఉన్న సంఖ్యతో అది అక్షరం అక్షరం కలవాలి. అలాగే డబ్బు ఇవ్వక ముందే బీమా దొరుకుతుందో లేదో కనుక్కోండి. ముప్పై, నలభై ఏళ్లు దాటిన పడవ అంటే చాలా కంపెనీలు మొహం చాటేస్తాయి.

పడవ కన్నా ముందు యజమానిని చదవండి అని కూడా నా అభిప్రాయం. రెండో పడవలో ఒక అర తెరిస్తే చిన్న డబ్బాలు కనిపించాయి. ఒక్కో దాని మీద చేత్తో రాసిన చీటీ: నీటి పంపు రబ్బరు, ఇంధనపు వడపోత, ఏ తేదీన మార్చినది, ఇంకా ఎన్ని మిగిలాయి. ఇంజిను పక్కన దారంతో కట్టిన నోటుపుస్తకం. ఇరవై రెండేళ్ల నూనె మార్పిళ్లు అందులో ఉన్నాయి. ఒకచోట "ఈసారి ఆలస్యం చేశాను" అని కూడా రాసుకున్నాడు ఆ పెద్దమనిషి. విరిగిన చైన్‌ప్లేటు ఉన్నది ఆ పడవలోనే అని మీరు అనవచ్చు. నిజమే. ఎంత శ్రద్ధ ఉన్నా కంటికి కనబడనిది కనబడదు. కానీ ఆ పడవలో నేను కనుక్కోవలసిన రహస్యాలు ఏడెనిమిది. కెచ్‌లో బిల్జ్‌కు, అంటే నేల పలకల కింద నీళ్లు చేరే అడుగు భాగానికి, కొత్తగా తెల్ల రంగు వేసి ఉంది, ఎంత శుభ్రమైన యజమానో అని మెచ్చుకున్నాను. అమ్మకానికి ముందు పడవ అడుగుకు కొత్త రంగు ఎందుకు వేస్తారో నాకు అప్పుడు తట్టలేదు.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు.

ప్రశ్న: యార్డులో ఏళ్లుగా పడి ఉన్న పడవను ఒకరు ఉచితంగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

మీకు బాగుచేయడం ఇష్టమా, తిరగడం ఇష్టమా? బాగుచేయడమే ఇష్టమైతే తీసుకోండి, అంత మంచి కాలక్షేపం ఇంకోటి లేదు, వెటకారం కాదు. తిరగాలనుకుంటే వద్దు. నా రెండో పడవ విషయంలో, కొన్న ధర ఎంతో దాన్ని దూర ప్రయాణానికి సిద్ధం చేయడానికి దాదాపు అంతే అయింది, అదీ బాగున్న పడవకు. ఉచిత పడవలో తగ్గేది ఆ మొదటి సగమే. రెండో సగం పెరుగుతుంది.

ప్రశ్న: ఉక్కు పడవలు ఇంకా గట్టివి కదా?

గట్టివే. పగడపు దిబ్బకు కొట్టుకున్నా సొట్టపోతుంది గాని పగలదు. కానీ ఉక్కు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైన ఎంత రంగు వేసినా కనిపించదు. పలక మందం కొలిచే అల్ట్రాసౌండ్ పరికరంతో, నీరు నిలిచే ప్రతి మూలా చూపించండి. అరల వెనుక, బల్లల కింద చేయి పోని చోట్లు ఉంటే అక్కడే ముందు.

ప్రశ్న: డెక్ తట్టడం మీరు నోటితో చేసి చూపించారు. మాకు తేడా తెలుస్తుందా?

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. (బల్ల మీది గుడ్డ తీశారు.) ఇవి రెండూ నా కెచ్ డెక్ నుంచి కోసినవి. ఒకటి మాస్టు ముందు నుంచి, ఇంకొకటి ఎడమ కమ్మీ కాలి పక్క నుంచి. ఏది ఏదో చెప్పను. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి, కావాలంటే దగ్గరకు వచ్చి చూడండి. రండి, మొదట మీరే. కళ్లు మూసుకోండి. సుత్తిని పిడి చివర పట్టుకోండి, గట్టిగా కొట్టకండి, దాని బరువుకు అదే పడాలి. ఆ, అలా. ఇప్పుడు రెండోది.